దీపం వెలుగుతుంది, పరికరం కనబడదు

కంపెనీల రిటర్నులు, టెండరు పత్రాలు ఆన్‌లైన్‌లో దాఖలు చేసే ఆఫీసుల్లో డీఎస్‌సీ (డిజిటల్ సంతకపు సర్టిఫికెట్) టోకెన్ తెలియనివాళ్లు ఉండరు. చూడటానికి పెన్‌డ్రైవ్‌లాగే ఉంటుంది గానీ లోపల ఉన్నది స్మార్ట్‌కార్డు చిప్పు. డిజిటల్ సంతకానికి మూలమైన రహస్య తాళంచెవి ఆ చిప్పులోనే ఉంటుంది, దాన్ని బయటికి కాపీ తీయడం కుదరదు. అందుకే ఫైలును మెయిల్లో పంపినట్టు సంతకాన్ని పంపలేం. టోకెన్‌నే తెచ్చి కంప్యూటర్‌కి పెట్టాలి.

ఆ కంప్యూటర్లో ఉబుంటు లినక్స్ నడుస్తోందనుకుందాం. సంతకం పెట్టే సాఫ్ట్‌వేర్‌ విండోస్‌లోనే పనిచేస్తుంది. అందుకని, ఒక కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ని సాఫ్ట్‌వేర్‌తోనే నడిపే వర్చువల్‌బాక్స్‌లో ఒక విండోస్ వర్చువల్ యంత్రాన్ని తయారుచేసి పెట్టుకున్నారు. టోకెన్ పెట్టగానే దాని మీద చిన్న దీపం వెలిగింది. లోపలి విండోస్ మాత్రం పరికరం దొరకలేదంటోంది.

తర్వాత జరిగేది చాలామందికి అనుభవమే. టోకెన్ తీసి మళ్లీ పెడతారు, పోర్టు మారుస్తారు, డ్రైవర్ తీసేసి మళ్లీ వేస్తారు, ఆఖరికి విండోస్ మొత్తాన్ని మళ్లీ ఎక్కిస్తారు. వీటిలో ఏదో ఒకటి ఫలిస్తుంది. ఏది ఎందుకు ఫలించిందో తెలియదు గనక మరుసటి నెల కథ మళ్లీ మొదటికొస్తుంది.

నేను ఈ అధ్యాయంలో గట్టిగా చెప్పదలచుకున్నది ఒకటే. పరికరానికీ, లోపలి విండోస్‌లో నడిచే అప్లికేషన్‌కీ మధ్య అరడజను అప్పగింతలు జరగాలి. వాటిలో ఏది ఆగిపోయినా పైకి కనబడే లక్షణం ఒక్కటే: "పరికరం లేదు." కాబట్టి కింది నుంచి మొదలుపెట్టి, ఒక్కో మెట్టు దగ్గర ఆగి, ఇక్కడిదాకా వచ్చిందా లేదా అని అడుగుతూ పోవాలి. అలా అడిగితే జవాబు చెప్పే ఏర్పాటు ప్రతి మెట్టు దగ్గరా ఉంది. దాన్ని వాడుకోకపోవడమే మన కష్టాలకు మూలం.

పరిచయ కార్యక్రమం

ముందు ఆ దీపం సంగతి చూద్దాం. మామూలు యూఎస్‌బీ 2.0 కేబుల్లో నాలుగు తీగలుంటాయి: ఒకటి 5 వోల్టుల కరెంటుకి, ఒకటి భూమికి, మిగతా రెండూ సమాచారానికి. దీపం వెలగడానికి మొదటి రెండూ చాలు. ఫోన్లతో వచ్చే కొన్ని చవక కేబుళ్లలో ఉండేవి కూడా ఆ రెండే. అలాంటి కేబుల్‌తో పరికరానికి దీపం వెలుగుతుంది, కంప్యూటర్‌తో ఒక్క మాట కూడా నడవదు. దీపాన్ని చూసి పరికరం బాగుందనుకోవడం తొందరపాటు.

అసలు పరిచయం సమాచారపు తీగల మీద జరుగుతుంది. పరికరం తన రెండు సమాచారపు తీగల్లో ఒకదాన్ని 1.5 కిలో ఓమ్‌ల నిరోధకంతో పైకి లాగి ఉంచుతుంది. లాగింది డీ ప్లస్ అనే తీగనైతే ఆ పరికరం సెకనుకు 1.2 కోట్ల బిట్ల వేగం కలది. డీ మైనస్‌నైతే 15 లక్షల బిట్ల నిదానపు రకం, అంటే చాలా మౌసులూ కీబోర్డుల జాతి. 48 కోట్ల బిట్ల యూఎస్‌బీ 2.0 పరికరాలు కూడా మొదట 1.2 కోట్ల రకంగానే పరిచయమై, ఆ తర్వాత వేగం పెంచుకుంటాయి. ఈ చిన్న వోల్టేజి మార్పును పోర్టు గమనించి పైకి కబురు పంపుతుంది. అప్పుడు కంప్యూటర్ ఆ పోర్టును ఒకసారి రీసెట్ చేస్తుంది.

రీసెట్ అయిన పరికరానికి ఇంకా చిరునామా లేదు. సున్నా చిరునామాకు వచ్చిన ప్రశ్నలకు జవాబిస్తుంది. "నువ్వెవరు?" అని కంప్యూటర్ అడిగితే 18 బైట్ల ఒక చిన్న పత్రాన్ని చూపిస్తుంది. దీన్ని డిస్క్రిప్టర్ అంటారు. తయారీదారు సంఖ్య, ఉత్పత్తి సంఖ్య అందులోనే ఉంటాయి. కంప్యూటర్ 1 నుంచి 127 దాకా ఉన్నవాటిలో ఒక చిరునామా కేటాయిస్తుంది. చిరునామాకు ఏడు బిట్లే ఉండటం వల్ల ఒక కంట్రోలర్ కింద 127కు మించి పరికరాలు పట్టవు. ఆ తర్వాత పరికరం తాను ఏ తరగతికి చెందినదో చెబుతుంది: కీబోర్డు, మౌసు జాతిది 3, పెన్‌డ్రైవ్‌ది 8, స్మార్ట్‌కార్డు రీడర్‌ది 11. ఆ తరగతిని బట్టి ఆపరేటింగ్ సిస్టమ్ తగిన డ్రైవర్‌ను పిలుస్తుంది.

ఇదంతా రెప్పపాటులో జరిగిపోతుంది గనక మనకు ఒక్క సంఘటనలా కనిపిస్తుంది. ఈ తతంగంలో ఒక్క విషయం మాత్రం గుర్తుంచుకోవాలి. యూఎస్‌బీ 1, 2 తరాల్లో పరికరం తనంతట తాను నోరు విప్పదు. మేస్టారు హాజరు పిలిచినప్పుడే "ప్రెజెంట్ సార్" అనే బడిపిల్లల్లాగా, కంప్యూటర్ అడిగినప్పుడే బదులిస్తుంది. మౌసు కదిలినా సరే, "ఏమైనా ఉందా?" అని కంప్యూటర్ అడిగే వంతు కోసం ఆగవలసిందే. పిలిచే మేస్టారు ఒక్కరే ఉండాలి. ఇద్దరు పిలిస్తే ఈ ఒప్పందం మొత్తం చెడిపోతుంది. వర్చువల్ యంత్రంలో వచ్చే చిక్కులన్నిటికీ వేరు ఇక్కడుంది.

ఇద్దరు యజమానులుంటే కుదరదు

యూఎస్‌బీ మొదటి ప్రమాణం 1996లో వచ్చింది. దాన్ని రూపొందించిన ఇంటెల్ బృందంలో ముందు నిలిచిన ఇంజనీరు అజయ్ భట్ బరోడా మహారాజా సాయాజీరావు విశ్వవిద్యాలయంలో చదువుకున్నాడు. ప్రింటర్‌కో రంధ్రం, మౌసుకో రంధ్రం, మోడెమ్‌కో రంధ్రం ఉండే రోజుల్లో, అన్నిటికీ ఒకే రకం రంధ్రం ఉండాలన్నది వాళ్ల లక్ష్యం. ఒక కంప్యూటర్‌లో ఒక ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటుందన్నది అందరూ సహజంగా తీసుకున్న విషయం.

ఒకే యంత్రంలో అనేక యంత్రాలను నడపడం అంతకంటే పాత విద్య. ఐబీఎం 1972లో విడుదల చేసిన వీఎం/370 ఒక పెద్ద కంప్యూటర్‌ని ఎందరో వాడుకరులకు విడివిడి కంప్యూటర్లుగా చూపించింది. డిస్కును ముక్కలుగా పంచవచ్చు, ప్రింటర్ పనిని వరసలో పెట్టవచ్చు. మరి టేపు డ్రైవ్ మాటేమిటి? ఒకరు టేపు చదువుతుండగా ఇంకొకరు దాన్ని వెనక్కి తిప్పితే? అక్కడ ఎంచుకున్న పద్ధతి సూటిగా ఉంది. ఆపరేటర్ "అటాచ్" అనే ఆదేశం ఇచ్చి ఆ టేపు డ్రైవ్‌ను ఒక్క వర్చువల్ యంత్రానికే అప్పగిస్తాడు. పని అయ్యాక వెనక్కి తీసుకుంటాడు. నేటి వర్చువల్‌బాక్స్, వీఎంవేర్, క్యూఈఎంయూ అన్నీ యూఎస్‌బీ విషయంలో చేస్తున్నది సారాంశంలో ఇదే.

పెన్‌డ్రైవ్‌ను ఉదాహరణగా తీసుకుంటే ఈ నియమం ఎంత అవసరమో తెలుస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్ ఫైళ్ల జాబితాను తన మెమరీలో పెట్టుకుని, రాయవలసినవి కాసేపు కూడబెట్టి ఒకేసారి రాస్తుంది. ఒకే పెన్‌డ్రైవ్‌లో బయటి లినక్సూ లోపలి విండోసూ ఎవరి లెక్కన వాళ్లు రాస్తే ఫైళ్లు ధ్వంసమవుతాయి. కాబట్టి బయటి కంప్యూటర్ దగ్గర తెరిచి ఉన్న పెన్‌డ్రైవ్‌ను ముందు ఎజెక్ట్ చేసి, ఆ తర్వాతే లోపలికి ఇవ్వాలి.

ఇక్కడి నుంచి బయటి ఆపరేటింగ్ సిస్టమ్‌ను హోస్ట్ అనీ, లోపలిదాన్ని గెస్ట్ అనీ అందాం. నిజమైన యూఎస్‌బీ కంట్రోలర్ హోస్ట్ చేతిలో ఉంటుంది. గెస్ట్‌కు కనబడే కంట్రోలర్ సాఫ్ట్‌వేర్‌తో చేసిన బొమ్మ. గెస్ట్ లోని డ్రైవర్ ఆ బొమ్మ కంట్రోలర్ రిజిస్టర్లలో ఏదో రాస్తుంది. వర్చువలైజేషన్ సాఫ్ట్‌వేర్ దాన్ని మధ్యలో పట్టుకుని, హోస్ట్ ద్వారా నిజమైన పరికరానికి పంపి, వచ్చిన జవాబును బొమ్మ కంట్రోలర్ గుండా లోపలికి ఇస్తుంది. అంటే పరిచయ కార్యక్రమం రెండుసార్లు జరుగుతుంది: ఒకసారి హోస్ట్‌తో, మళ్లీ గెస్ట్‌తో. రెండోసారి ఇచ్చే చిరునామా నిజమైన పరికరం దాకా పోదు. హోస్ట్‌లో 7వ నంబరు పరికరం గెస్ట్‌లో 2వ నంబరు కావచ్చు. రెండుచోట్లా నంబర్లు కలవలేదని కంగారుపడనక్కరలేదు.

హోస్ట్‌కి కనబడిందా?

మొదటి ప్రశ్న ఎప్పుడూ హోస్ట్‌కే. హోస్ట్ చూడని పరికరాన్ని గెస్ట్ చూడలేదు. లినక్స్ అయితే టెర్మినల్ తెరిచి "ఎల్ఎస్‌యూఎస్‌బీ" అని కొట్టాలి. పరికరం లేకుండా ఒకసారి, పెట్టాక ఒకసారి కొట్టి రెండు జాబితాలు పోల్చితే కొత్తగా వచ్చిన వరుసే మనది. అందులోని రెండు సంఖ్యలు, అంటే తయారీదారు సంఖ్యా ఉత్పత్తి సంఖ్యా, కాగితం మీద రాసి పెట్టుకోండి. ముందు ముందు పనికొస్తాయి. విండోస్ హోస్ట్ అయితే డివైస్ మేనేజర్‌లో పరికరం వివరాల కింద హార్డ్‌వేర్ ఐడీల దగ్గర ఇవే సంఖ్యలు దొరుకుతాయి.

కొత్త వరుస రాకపోతే వర్చువల్ యంత్రం జోలికి వెళ్లకండి. "డీమెసేజ్" ఆదేశమిస్తే లినక్స్ మూలభాగమైన కెర్నెల్ తన చిట్టాను చూపిస్తుంది. అందులో డిస్క్రిప్టర్ చదవలేకపోయానని చెప్పి పక్కన మైనస్ 110 అని ఉంటే, పరికరం గడువులోగా బదులివ్వలేదని అర్థం. మైనస్ 71 ఉంటే బదులు వచ్చింది గానీ నియమాల ప్రకారం లేదు. రెండింటిలోనూ మొదట అనుమానించవలసింది కేబుల్‌ని, హబ్‌ని, పోర్టుని. కరెంటు కూడా ఒక కారణమే. యూఎస్‌బీ 2.0 పోర్టు పరిచయం పూర్తి కాకముందు 100 మిల్లీ ఆంపియర్లు, తర్వాత అడిగినదాన్ని బట్టి 500 దాకా ఇస్తుంది. యూఎస్‌బీ 3.0లో ఆ పైహద్దు 900. సొంత కరెంటు లేని హబ్‌కి నాలుగు పరికరాలు తగిలిస్తే అవన్నీ ఒకే పోర్టు కరెంటును పంచుకోవాలి. పరికరాన్ని నేరుగా కంప్యూటర్ వెనక పోర్టులో పెట్టి చూడమని అనుభవజ్ఞులు మొదటే చెప్పడానికి కారణం ఇది.

హోస్ట్‌లో ఎవరి చేతిలో ఉంది?

హోస్ట్‌కి కనబడింది, గెస్ట్‌కి కనబడలేదు. ఎక్కువ కేసులు ఇక్కడే తేలతాయి. హోస్ట్‌లో ఆ పరికరాన్ని అప్పటికే ఎవరో పట్టుకుని ఉంటారు.

మన టోకెన్ స్మార్ట్‌కార్డు తరగతిది. లినక్స్‌లో స్మార్ట్‌కార్డుల బాధ్యత చూసే "పీసీఎస్‌సీడీ" అనే సేవ ఒకటి నేపథ్యంలో ఉంటుంది. టోకెన్ కనబడగానే అది తనదేనని పట్టేస్తుంది. వర్చువల్‌బాక్స్ అడిగేసరికి "పరికరం పనిలో ఉంది" అన్న జవాబు వస్తుంది. ఆ సేవను ఆపాలి. అయితే దీనిలో ఒక మెలిక ఉంది. ఉబుంటులో ఈ సేవకు తోడుగా ఒక సాకెట్ కాపలా కాస్తుంటుంది. సేవను మాత్రమే ఆపితే, ఎవరైనా ఆ సాకెట్ తలుపు తట్టగానే అది మళ్లీ లేచి కూర్చుంటుంది. సేవనూ సాకెట్‌నూ రెండింటినీ ఆపాలి. ఆపాను, అయినా రాలేదనేవాళ్లు ముందు సరిచూడవలసిందిది. ఆండ్రాయిడ్ ఫోన్ అయితే దానితో మాట్లాడే ఏడీబీ సర్వర్‌నో, ఫోన్ ఫైళ్లు చూపించే ఫైల్ మేనేజర్‌నో ఇదే దృష్టితో చూడాలి.

వర్చువల్‌బాక్స్‌తో వచ్చే "వీబాక్స్‌మేనేజ్" అనే ఆదేశానికి "లిస్ట్ యూఎస్‌బీహోస్ట్" అని జోడిస్తే, హోస్ట్‌లోని ప్రతి పరికరం పక్కనా దాని స్థితి రాసి చూపిస్తుంది. బిజీ అని ఉంటే హోస్ట్‌లో ఇంకెవరో వాడుతున్నారు. అవైలబుల్ అంటే అడిగితే ఇవ్వడానికి సిద్ధం. క్యాప్చర్డ్ అంటే గెస్ట్‌కి అప్పగింత జరిగిపోయింది. ఇంత తేటగా చెప్పే ఆదేశం ఉండగా జనం ఊహలతో పోర్టులు మార్చుకుంటూ కూర్చోవడం నాకు బాధ కలిగిస్తుంది.

విండోస్ హోస్ట్‌లో ఇదే విషయాన్ని కళ్లతో చూడవచ్చు. అప్పగింత జరిగితే డివైస్ మేనేజర్‌లో పరికరం అసలు పేరు పోయి వర్చువల్‌బాక్స్ పేరుతో కనబడుతుంది. అసలు పేరు అలాగే ఉందంటే పరికరం ఇంకా హోస్ట్ చేతిలోనే ఉన్నట్టు. వీఎంవేర్‌లో ఈ పంపకం చూసేది యూఎస్‌బీ ఆర్బిట్రేషన్ సర్వీస్ అనే విండోస్ సేవ. అది ఆగిపోయి ఉంటే ఏ పరికరమూ లోపలికి రాదు. సర్వీసుల జాబితాలో దాన్ని మళ్లీ నడిపిస్తే సరిపోతుంది. హైపర్-వీ అనే వర్చువలైజేషన్ సాఫ్ట్‌వేర్ సంగతి వేరు. అందులో ఇలా ఏ యూఎస్‌బీ పరికరాన్నైనా నేరుగా అప్పగించే ఏర్పాటే లేదు. లేనిదాని కోసం సెట్టింగుల్లో వెతికి లాభం లేదు.

అనుమతి

లినక్స్ హోస్ట్‌లో వర్చువల్‌బాక్స్ తెరిచినప్పుడు యూఎస్‌బీ జాబితా మొత్తం ఖాళీగా ఉంటే, ఒక్క పరికరం కూడా కనబడకపోతే, అది దాదాపుగా అనుమతి సమస్యే. పరికరాలను అందుకునే హక్కు "వీబాక్స్‌యూజర్స్" అనే సమూహంలోని వాళ్లకే ఉంటుంది. మీ ఖాతాను ఆ సమూహంలో చేర్చాలి. చేర్చిన వెంటనే వర్చువల్‌బాక్స్‌ను మూసి తెరిచినా ఫలితం ఉండదు. లినక్స్‌లో ఒక ప్రోగ్రామ్‌కి ఏయే సమూహాల హక్కులున్నాయన్నది మీరు లాగిన్ అయిన క్షణంలో నిర్ణయమై, అక్కడి నుంచి మీరు తెరిచే ప్రతి ప్రోగ్రామ్‌కీ వారసత్వంగా సంక్రమిస్తుంది. లాగౌట్ అయి మళ్లీ లాగిన్ కావాలి. అది వదిలేసి, చేర్చాను గానీ పని చెయ్యలేదని ఆ దారి విడిచిపెట్టేసేవాళ్లు ఎందరో.

పేరు మార్చుకునే పరికరాలు

ప్రతిసారీ చేత్తో అప్పగించనక్కర లేకుండా వర్చువల్‌బాక్స్‌లో ఫిల్టర్ అనే ఏర్పాటుంది. ఫలానా తయారీదారు సంఖ్య, ఫలానా ఉత్పత్తి సంఖ్య ఉన్న పరికరం వస్తే తిన్నగా గెస్ట్‌కి ఇచ్చెయ్యమని ముందే రాసి పెట్టడమన్నమాట. జాబితాలోంచి పరికరాన్ని ఎంచుకుంటే ఫిల్టర్‌లోని గళ్లన్నీ అదే నింపేస్తుంది. రివిజన్, సీరియల్ నంబరు సహా. అలా ఉంచితే సరిగ్గా ఆ ఒక్క పరికరానికే ఫిల్టర్ వర్తిస్తుంది. అదే కంపెనీ, అదే మోడల్ టోకెన్ ఇంకొకటి పెడితే తలుపు తెరుచుకోదు. నా సలహా, మొదటి రెండు సంఖ్యలు ఉంచి మిగతా గళ్లు ఖాళీ చెయ్యండి. ఖాళీ గడి అంటే ఏదైనా సరే అని అర్థం. విండోస్ హోస్ట్‌లో ఫిల్టర్ రాశాక పరికరాన్ని ఒకసారి తీసి పెట్టాలి. అప్పటికే తగిలించి ఉన్నదానికి కొత్త ఫిల్టర్ వర్తించదు.

ఇక నాకు ఇష్టమైన కేసు. ఇంజనీరింగ్ కాలేజీల్లో, ప్రోగ్రామ్ ఎక్కించి వాడుకునే ఆర్డుయినో బోర్డులు తిరుగుతుంటాయి. వర్చువల్ యంత్రంలో ఆర్డుయినో సాఫ్ట్‌వేర్ వేసుకున్న విద్యార్థికి ఊనో బోర్డు చక్కగా పనిచేస్తుంది. లియొనార్డో బోర్డు పెడితే గెస్ట్‌లో పోర్టు కనబడుతుంది, ప్రోగ్రామ్ ఎక్కించబోతే సరిగ్గా ఆ క్షణంలో మాయమవుతుంది. కాసేపటికి మళ్లీ వస్తుంది. బోర్డు పాడైందనుకుంటారు.

బోర్డు నిక్షేపంగా ఉంది. ఊనోలో యూఎస్‌బీ మాటలు నడపడానికి ప్రత్యేకంగా ఒక చిప్పు ఉంటుంది. ప్రధాన చిప్పు రీసెట్ అయినా అది కదలదు. లియొనార్డోలో ప్రధాన చిప్పే యూఎస్‌బీ కూడా చూసుకుంటుంది. ప్రోగ్రామ్ ఎక్కించేటప్పుడు ఆ చిప్పు రీసెట్ అయి, బూట్‌లోడర్ అనే చిన్న ప్రోగ్రామ్‌తో కొన్ని సెకన్లపాటు మేల్కొంటుంది. అప్పుడది కంప్యూటర్‌కి కొత్త పరికరంగా పరిచయమవుతుంది, వేరే సంఖ్యతో. మామూలుగా నడిచేటప్పుడు 2341, 8036 అని చెప్పుకునే బోర్డు, బూట్‌లోడర్‌లో ఉన్నప్పుడు 2341, 0036 అంటుంది. ఫిల్టర్‌లో 8036 మాత్రమే రాసి ఉంటే, 0036గా వచ్చిన బోర్డును హోస్టే ఉంచేసుకుంటుంది. గెస్ట్ లోని సాఫ్ట్‌వేర్ ఆ కొద్ది సెకన్లూ బోర్డు కోసం వెతుకుతూ ఉండిపోతుంది. బూట్‌లోడర్ గడువు తీరి బోర్డు 8036గా తిరిగొచ్చేసరికి అక్కడ ప్రయత్నం విఫలమై ఉంటుంది.

రెండో ఫిల్టర్ రాసి 0036ను కూడా చేర్చితే చిక్కు విడిపోతుంది. ఈ రెండు సంఖ్యలను కళ్లారా చూడాలంటే హోస్ట్‌లో "డీమెసేజ్"ను ఆగకుండా నడిచేలా తెరిచి ఉంచి, బోర్డు మీది రీసెట్ మీట నొక్కండి. ఒక వరుసలో పాత సంఖ్య పోవడం, ఇంకో వరుసలో కొత్త సంఖ్య రావడం కనబడతాయి. ఆండ్రాయిడ్ ఫోన్‌ను ఫాస్ట్‌బూట్ స్థితిలోకి తీసుకెళ్లినప్పుడు జరిగేది కూడా ఇదే. మొదట సీడీ డ్రైవ్‌లా కనబడి తర్వాత మోడెమ్‌గా మారే పాత డేటా డాంగిల్స్‌దీ ఇదే బాణీ.

గెస్ట్ లోపల

అప్పగింత జరిగింది, హోస్ట్ దగ్గర క్యాప్చర్డ్ అని ఉంది, గెస్ట్‌లో ఇంకా ఏమీ లేదు. ఇప్పుడు బొమ్మ కంట్రోలర్‌ను చూడాలి. వర్చువల్‌బాక్స్‌లో మూడు తరాల కంట్రోలర్లలో ఒకటి ఎంచుకోవచ్చు: 1.1, 2.0, 3.0. వర్చువల్ యంత్రాన్ని పూర్తిగా ఆపితే తప్ప ఆ ఎంపిక మారదు. వర్చువల్‌బాక్స్ 7.0కు ముందు వెర్షన్లలో 2.0, 3.0 కంట్రోలర్లు కావాలంటే ఎక్స్‌టెన్షన్ ప్యాక్ విడిగా వేసుకోవాలి, దాని వెర్షన్ అసలు ప్రోగ్రామ్ వెర్షన్‌తో సరిపోవాలి. 7.0 నుంచి ఆ రెండూ అసలు ప్రోగ్రామ్‌లోనే వస్తున్నాయి. నెట్‌లో దొరికే పాత సలహాలు చదివేటప్పుడు ఈ తేడా మనసులో ఉంచుకోవాలి.

3.0 కొత్తది గనక అదే మంచిదనుకోకండి. గెస్ట్ విండోస్ 7 అయితే అందులో 3.0 కంట్రోలర్‌కు డ్రైవర్ పుట్టుకతో లేదు. విండోస్ 8 నుంచే ఉంది. కంట్రోలర్‌నే గుర్తుపట్టని గెస్ట్ దాని వెనకున్న టోకెన్‌ను ఎలా చూస్తుంది? అలాంటి గెస్ట్‌కి 2.0 ఇవ్వండి. టోకెన్‌కు కావలసిన వేగం అంతకంటే చాలా తక్కువే.

గెస్ట్ డివైస్ మేనేజర్‌లో పరికరం పసుపు గుర్తుతో కనబడితే సంతోషించాలి. చివరి మెట్లకు వచ్చేశాం. కోడ్ 28 అంటే డ్రైవర్ లేదు, వేస్తే చాలు. కోడ్ 43 అంటే పరికరం ఏదో ఇబ్బందిని కబురు చేసింది లేదా పరిచయమే సగంలో చెడింది. డ్రైవర్ మళ్లీ మళ్లీ వెయ్యడం కన్నా కంట్రోలర్ తరం మార్చి చూడటం మేలు. యాపిల్ సొంత చిప్పులున్న మ్యాక్‌లలో గెస్ట్‌గా నడిచేది ఆర్మ్ రకం విండోస్. అది ఇంటెల్ రకం అప్లికేషన్లను అనువదించి నడపగలదు గానీ కెర్నెల్ డ్రైవర్లను అలా నడపలేదు. టోకెన్‌కో ప్రింటర్‌కో ఆర్మ్ డ్రైవర్‌ను తయారీదారు ఇవ్వకపోతే, అంతకుముందు మెట్లన్నీ సవ్యంగా ఉన్నా ప్రయాణం అక్కడితో ఆగిపోతుంది. మ్యాక్ కొనేముందే ఈ విషయం కనుక్కోవడం మంచిది.

డివైస్ మేనేజర్‌లో టోకెన్ ఏ మచ్చా లేకుండా ఉండి, సంతకపు సాఫ్ట్‌వేర్‌కి మాత్రం కనబడకపోతే? దీని మీద రోజులు పోగొట్టుకున్నవాళ్లున్నారు. గెస్ట్ విండోస్‌లోకి మీరు ఎలా వెళ్లారో చూసుకోండి. రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా వెళ్లి ఉంటే, ఆ సెషన్‌లో స్మార్ట్‌కార్డు గురించి ఏ ప్రోగ్రామ్ అడిగినా విండోస్ ఆ ప్రశ్నను మీరు కూర్చున్న కంప్యూటర్‌కి మళ్లిస్తుంది. ఇంట్లో కూర్చుని ఆఫీసు కంప్యూటర్లోకి వెళ్లేవాళ్లు తమ దగ్గరున్న కార్డునే వాడతారన్న ఉద్దేశంతో అలా రూపొందించారు. కాబట్టి గెస్ట్‌కే తగిలించి ఉన్న టోకెన్ ఆ సెషన్‌లోని ప్రోగ్రాములకు కనబడదు. రిమోట్ డెస్క్‌టాప్ మూసేసి, వర్చువల్‌బాక్స్ సొంత కిటికీలోంచి లాగిన్ అయితే టోకెన్ ప్రత్యక్షమవుతుంది. లేదా టోకెన్‌ను మీ దగ్గరి కంప్యూటర్‌కే పెట్టి, స్మార్ట్‌కార్డు మళ్లింపును అనుమతించండి.

పరిమితులు

అన్ని మెట్లూ సరిగ్గా ఉన్నా కొన్ని పరికరాలు సాఫీగా నడవవు. వెబ్‌క్యామ్, సౌండ్‌కార్డు లాంటివి సమాచారాన్ని నిర్ణీత తాళంలో పంపుతాయి. యూఎస్‌బీ 2.0లో ఆ తాళం 125 మైక్రోసెకన్లకు ఒక మారు పడుతుంది. ఆలస్యమైన ముక్కను మళ్లీ పంపడం ఆ పద్ధతిలో లేదు. సాఫ్ట్‌వేర్ బొమ్మ కంట్రోలర్ ఆ తాళాన్ని ప్రతిసారీ అందుకోలేదు. దృశ్యం గడ్డకట్టడం, శబ్దం తెగడం అందువల్ల జరుగుతాయి. వెబ్‌క్యామ్ కోసం వర్చువల్‌బాక్స్ వేరే దారి ఇచ్చింది. కెమెరాను హోస్టే నడిపి దృశ్యాలను మాత్రం గెస్ట్‌కి అందిస్తుంది. అంతకంటే గట్టి పరిష్కారం కావాలంటే, ఇంటెల్ వీటీ-డీ వంటి సదుపాయమున్న కంప్యూటర్లలో ఒక యూఎస్‌బీ కంట్రోలర్‌ను చిప్పుతో సహా గెస్ట్‌కి ఇచ్చెయ్యవచ్చు. లినక్స్‌లో కేవీఎమ్ వాడేవాళ్లు ఇలా చేస్తారు. అప్పుడు మధ్యలో బొమ్మ కంట్రోలరే ఉండదు. ఆ కంట్రోలర్ కింది పోర్టులన్నీ మాత్రం హోస్ట్‌కి దక్కకుండా పోతాయి.

భద్రత గురించి ఒక మాట. అనుమానం ఉన్న పెన్‌డ్రైవ్‌ను వర్చువల్ యంత్రంలో తెరిస్తే బయటి కంప్యూటర్‌కి ఏ ప్రమాదమూ ఉండదని చాలామంది నమ్ముతారు. కానీ గెస్ట్‌కి అప్పగించడానికి ముందు పరిచయం జరిగేది హోస్ట్‌తోనే. పెన్‌డ్రైవ్ రూపంలో ఉన్న వస్తువు తాను కీబోర్డునని చెప్పుకుని అక్షరాలు కొట్టగలదని 2014లో కార్స్టెన్ నోల్, యాకోబ్ లెల్ బ్లాక్‌హ్యాట్ సదస్సులో చూపించారు. ఆ దాడికి బ్యాడ్‌యూఎస్‌బీ అని పేరు. అలాంటి వస్తువు ఫిల్టర్‌లో రాసిన సంఖ్యతో రాకపోతే తిన్నగా హోస్ట్ చేతిలోనే పడుతుంది. దారిలో దొరికిన పెన్‌డ్రైవ్‌కి వర్చువల్ యంత్రం రక్షణ కాదు.

చివరగా పాఠకులకు ఒక విన్నపం. ఈ చిక్కు మీకు వచ్చి, ఎవరినైనా సాయం అడగవలసి వస్తే, "యూఎస్‌బీ రావడం లేదు" అని మాత్రం రాసి ఊరుకోకండి. హోస్ట్ ఏది, గెస్ట్ ఏది, వర్చువలైజేషన్ సాఫ్ట్‌వేర్ ఏ వెర్షన్, హోస్ట్‌లో పరికరం చూపిన రెండు సంఖ్యలేమిటి, దాని స్థితి బిజీనా క్యాప్చర్డా, గెస్ట్ డివైస్ మేనేజర్‌లో ఏ కోడ్ వచ్చింది, లోపలికి ఏ దారిన లాగిన్ అయ్యారు, ఇవి రాయండి. చదివే మనిషి మీ పరికరం ఏ మెట్టు దగ్గర ఆగిందో చెప్పడానికి అవి చాలు. చాలాసార్లు అవి రాస్తుండగానే ఆ మెట్టు మీకే దొరుకుతుంది.